బండి ఎత్తు మార్చాలంటే: స్ప్రింగులా, కాయిలోవర్లా, ఎయిర్ సస్పెన్షనా?

కారు నేలకి దగ్గరగా దించాలన్నా, కాస్త లేపాలన్నా అందరూ ముందు అడిగేది ఒకటే, "ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుంది?" అని. కిట్ అమ్మేవాళ్లు కూడా ఆ అంకెనే పెద్ద అక్షరాల్లో వేస్తారు. నా లెక్కలో అది రెండో ప్రశ్న. దించాక చక్రం పైకి కదలడానికి ఎంత చోటు మిగులుతుంది అన్నది మొదటి ప్రశ్న. సస్పెన్షన్ ఉన్నదే చక్రాన్ని పైకీ కిందికీ కదలనివ్వడానికి, ఆ కదలికే ట్రావెల్. ఎత్తు మార్చే ఏ పద్ధతి తీసుకున్నా అది ఆ ట్రావెల్‌తో ఏదో ఒకటి చేస్తుంది: కొన్ని తినేస్తాయి, కొన్ని పైనుంచి కిందికి జరుపుతాయి, కొన్ని మాత్రం ముట్టుకోకుండా వదిలేస్తాయి. ఏది కొనాలో తేల్చేది ఈ తేడానే.

దీనితోపాటు ఇంకో మాట మీకు మీరే నిజాయితీగా చెప్పుకోవాలి. ఎత్తు ఎన్నిసార్లు మారుస్తారు? "కావలసినప్పుడల్లా మార్చుకోవచ్చు కదా" అని కాయిలోవర్లు (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ జతగా వచ్చి, మరల రింగు తిప్పి ఎత్తు మార్చుకునే కిట్లు) కొన్నవాళ్లలో చాలామంది బిగించిన రోజు ఒకసారి తిప్పి, తర్వాత ఏళ్ల తరబడి ఆ రింగు, అంటే కాలర్, మీద చెయ్యి వేయరు. తప్పేం లేదు. కానీ వాడని సౌకర్యానికి డబ్బు పోసి, ఆ డబ్బు షాకు నాణ్యతలో కోసుకోవడం మాత్రం నష్టమే.

లోయరింగ్ స్ప్రింగులు

అన్నిటికంటే సాదా దారి. కంపెనీ స్ప్రింగు తీసి పొట్టి స్ప్రింగు వేస్తారు, బండి సాధారణంగా 20 నుంచి 40 మి.మీ. వరకు దిగుతుంది, అంతే, ఆ తర్వాత మార్చేదేమీ ఉండదు. ఎత్తు నచ్చకపోతే మళ్లీ విప్పి వేరేవి వేయాలి.

దిగినంత మేరా పైవైపు ట్రావెల్ పోతుంది. బంప్ స్టాప్ అనే రబ్బరు లేదా ఫోమ్ ముక్క ఉన్నచోటే ఉంటుంది, బండి దానికి దగ్గరవుతుంది. అందుకే ఈ స్ప్రింగుల్ని కాస్త గట్టిగా తయారుచేస్తారు, ఆ తక్కువ చోటులోనే దెబ్బని ఆపాలి కాబట్టి. చాలా స్ప్రింగులు ప్రోగ్రెసివ్ రకం, అంటే మొదట మెత్తగా ఉండి నొక్కే కొద్దీ గట్టిపడతాయి. కొన్ని కిట్లతో పొట్టి బంప్ స్టాప్ ఇస్తారు, కొన్నిట్లో ఉన్నదాన్ని ఎంతవరకు కోయాలో రాసి ఉంటుంది. ఆ కాగితం పారేయకండి.

అసలు గొడవ స్ప్రింగుతో కాదు, షాకుతో. కంపెనీ షాకు కంపెనీ స్ప్రింగుకి తగ్గట్టు తయారైంది. స్ప్రింగు గట్టిదైతే అది తిరిగి తెరుచుకునే వేగాన్ని ఆపడానికి ఎక్కువ డాంపింగ్ (ఊగిసలాటని అణిచే శక్తి) కావాలి. పాత షాకు ఆ పని చేయలేక బండి గంతులేస్తుంది, మనమేమో "స్ప్రింగులు బాగాలేవు" అనుకుంటాం. కొత్త బండి, 20-25 మి.మీ. దించుడు అయితే కంపెనీ షాకుల మీద నడిచిపోతుంది. బాగా తిరిగిన బండికైనా, 30 దాటి దించాలన్నా స్ప్రింగులతోపాటు వాటికి జతయ్యే పొట్టి షాకులు కూడా వేయండి. స్ప్రింగూ షాకూ ఒకే కంపెనీ జత చేసి అమ్మే స్థిరమైన ఎత్తు కిట్లు దొరుకుతాయి. ఒకసారి దించి వదిలేసే మనిషికి, చవక కాయిలోవర్ కంటే మంచి జత కిట్టే మేలు. ఇది నేను గట్టిగా చెప్పే మాట.

ఇక స్ప్రింగు కోయడం, గ్యాస్ మంటతో వేడిచేసి కుంగదీయడం గురించి: వద్దు. వేడి చేస్తే ఉక్కుకి ఇచ్చిన పదును పోతుంది, రేపు ఎంత కుంగుతుందో, ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కోస్తే చివరి చుట్టు గూడులో సరిగా కూర్చోదు, చక్రం పూర్తిగా వేలాడినప్పుడు స్ప్రింగు వదులై పక్కకి తప్పుకుంటుంది.

కాయిలోవర్లు: చూడటానికి ఒకటే, లోపల రెండు రకాలు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, కొనేవాళ్లు ఎక్కువగా తికమక పడేది ఇక్కడే.

మొదటి రకంలో షాకు ఒంటికి మరలు ఉంటాయి, వాటి మీద స్ప్రింగు కూర్చునే కాలర్ పైకీ కిందికీ తిరుగుతుంది. షాకు పొడవు మారదు. కాలర్ దించితే స్ప్రింగు దిగుతుంది, దాంతో బండీ దిగుతుంది. కేడబ్ల్యూ వేరియంట్ శ్రేణి, టీన్ స్ట్రీట్ బేసిస్ జెడ్ ఈ పద్ధతివే. రెండో రకంలో కాలర్‌తోపాటు కింది బ్రాకెట్ కూడా మరల మీద తిరుగుతుంది, అంటే షాకు మొత్తం పొడవే మారుతుంది. టీన్ ఫ్లెక్స్ జెడ్, బీసీ రేసింగ్ బీఆర్ లాంటివి ఈ కోవలోకి వస్తాయి.

తేడా ఏంటో ఒక లెక్కతో చూద్దాం. ముందు చక్రం దగ్గర స్ట్రట్ (స్ప్రింగూ షాకూ ఒకటిగా కలిసి ఉండే భాగం) ఉన్న బండి, ఆ మూల స్ప్రింగు మీద పడే బరువు 350 కిలోలు, స్ప్రింగు గట్టిదనం మిల్లీమీటరుకి 6 కిలోలు అనుకోండి. బండి నేల మీద నిలబడగానే స్ప్రింగు సుమారు 58 మి.మీ. నొక్కుకుంటుంది. షాకు మొత్తం కదలిక 130 మి.మీ. అయితే, ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచడం) ఏమీ లేకుండా బిగించినప్పుడు, కిందికి వేలాడటానికి 58, పైకి కదలడానికి 72 మిగులుతాయి, ఆ 72లోనే బంప్ స్టాప్ మందం కూడా కలిసి ఉంటుంది. ఇప్పుడు మొదటి రకంలో కాలర్ 10 మి.మీ. దించితే బండి 10 దిగుతుంది, పైవైపు 72 కాస్తా 62 అవుతుంది, కిందివైపు 68. జాకీ మీద లేపితే స్ప్రింగు పైన 10 మి.మీ. సందు వచ్చి వదులుగా ఆడుతుంది. హెల్పర్ స్ప్రింగు అనే చిన్న మెత్తటి స్ప్రింగు ఉన్న కిట్లలో ఆ సందుని అది పట్టుకుంటుంది. లేని కిట్లలో ఆ సందు రానివ్వకూడదు.

అదే రెండో రకంలో కాలర్ ముట్టుకోకుండా కింది బ్రాకెట్‌ని 10 మి.మీ. తిప్పితే బండి 10 దిగుతుంది, షాకు లోపల 58, 72 అలాగే ఉంటాయి. కాగితం మీద ఇది స్పష్టంగా మెరుగు. కానీ అమ్మేవాళ్లు చెప్పని ముక్క ఒకటుంది: షాకుకి చోటు మిగిలింది కదా అని టైరుకి మిగలదు. టైరు ఫెండర్ (చక్రం మీది రేకు) లోపలి అంచుకి 10 మి.మీ. దగ్గరైంది. షాకు ఇంకా కదలగలిగినా టైరు ముందే ఫెండర్ లోపలి లైనర్‌కి తగులుతుంది. కాబట్టి "ఎంత దించినా ట్రావెల్ తగ్గదు" అనే మాట సగం నిజం మాత్రమే.

రెండో రకంలో బరువు ఎక్కువ, మరలు ఎక్కువ, తుప్పుకి తావు కూడా ఎక్కువ, ముఖ్యంగా కింది బ్రాకెట్ దగ్గర, చక్రం విసిరే నీళ్లూ బురదా నేరుగా అక్కడే పడతాయి. పైగా కింది బ్రాకెట్‌లో షాకు కనీసం ఎంత లోతు దిగి ఉండాలో ప్రతి కంపెనీ ఒక కొలత చెబుతుంది. బండిని పైకి సెట్ చేసుకునేవాళ్లు ఆ కొలత దాటిపోయే ప్రమాదం ఉంది. అంటే బాగా కిందికి దించేవాళ్లకీ, ట్రాక్‌కి ఒక ఎత్తు, రోడ్డుకి ఒక ఎత్తు పెట్టుకునేవాళ్లకీ రెండో రకం, 20-40 మి.మీ. లోపు ఒక మోస్తరు దించుడు చాలు అనుకునేవాళ్లకి, ఆ ఎత్తుకే డాంపింగ్ కుదిర్చిన మొదటి రకం. రెండో రకం అంటే గొప్పది, మొదటిది చవకబారుది అనే అభిప్రాయం నిజం కాదు. మొదటి రకంలో అద్భుతంగా నడిచేవి ఉన్నాయి, రెండో రకంలో డబ్బాలా గడగడలాడేవీ ఉన్నాయి.

ప్రీలోడ్ గురించి ఒక అపోహ. కాలర్ బిగించి స్ప్రింగుని ముందే నొక్కితే "స్ప్రింగు గట్టిపడుతుంది" అంటారు. మామూలు లీనియర్ స్ప్రింగు (ఎంత నొక్కినా గట్టిదనం మారనిది) గట్టిపడదు. మిల్లీమీటరుకి 6 కిలోలంటే 6 కిలోలే. బండి పైకి లేస్తుంది, కిందివైపు ట్రావెల్ తగ్గుతుంది. చక్రం గుంతలో దిగాల్సినప్పుడు షాకు ముందే చివరికి వచ్చి ఠక్కున ఆగుతుంది, అదే మనకి "గట్టిగా" అనిపిస్తుంది. అసలు గట్టి స్ప్రింగు కావాలంటే స్ప్రింగే మార్చాలి. అప్పుడు ఎత్తూ మారుతుందని గుర్తుంచుకోండి: పై లెక్కలోనే అదే పొడవులో 8 కిలోల స్ప్రింగు వేస్తే 58 బదులు 44 మి.మీ. మాత్రమే నొక్కుకుంటుంది, అంటే బండి 14 మి.మీ. లేచి కూర్చుంటుంది. అలాగే షాకు మీద ఉండే డాంపింగ్ నాబ్ ఎత్తుని మార్చదు. దాన్ని ఎన్ని క్లిక్కులు తిప్పినా బండి అంగుళం కూడా దిగదు.

వెనక చక్రాల సంగతి వేరు. చాలా బండ్లలో వెనక స్ప్రింగు ఒకచోట, షాకు ఇంకోచోట ఉంటాయి. స్ప్రింగు, చక్రాన్ని బండికి కలిపే ఆర్మ్ మీద, చక్రానికి లోపలివైపు కూర్చుంటుంది. అక్కడ కాలర్ 10 మి.మీ. తిప్పితే చక్రం దగ్గర 10 మారదు. స్ప్రింగు కదలికకీ చక్రం కదలికకీ నిష్పత్తి 0.6 ఉన్న బండిలో 10 మి.మీ. తిప్పితే చక్రం దగ్గర దాదాపు 17 మి.మీ. తేడా వస్తుంది. ముందు స్ట్రట్‌కి ఈ నిష్పత్తి ఒకటికి దగ్గర్లో ఉంటుంది కాబట్టి తిప్పినంతే దిగుతుంది. ముందు చేసినట్టే వెనకా అన్నే చుట్లు తిప్పి, వెనకభాగం చతికిలపడిందేంటి అని కంగారుపడేది అందుకే.

ఎయిర్ సస్పెన్షన్, కప్ లిఫ్టు

స్ప్రింగు బదులు గాలి తిత్తి, కంప్రెసర్, ట్యాంకు, వాల్వులు, పైపులు, వీటన్నిటినీ నడిపే కంట్రోలర్. బటన్ నొక్కితే లేస్తుంది, నొక్కితే దిగుతుంది. రోజూ రెండు ఎత్తులు నిజంగా కావలసినవాళ్లకి, అంటే ఇంటి ముందు ర్యాంపు నిటారుగా ఉండి రోడ్డు మీద మాత్రం దించి నడపాలనుకునేవాళ్లకి, తరచూ బరువు వేసుకుని తిరిగేవాళ్లకి, ఇదే సరైనది.

ఇందులో కూడా రెండు పద్ధతులు. ఒకటి గాలి ఒత్తిడిని బట్టి పనిచేస్తుంది: ముందు ఇంత, వెనక ఇంత అని ఒత్తిడి నిల్వ చేసుకుంటుంది. వెనక ముగ్గురు కూర్చుంటే ఒత్తిడి అదే, కానీ ఎత్తు మారిపోతుంది. రెండోది ప్రతి చక్రం దగ్గర ఎత్తు సెన్సార్ పెట్టి కొలుస్తుంది, బరువు ఎంత పడినా అదే ఎత్తుకి తెచ్చుకుంటుంది. ఎయిర్‌కి వెళ్లేవాళ్లు డబ్బు ఎక్కడైనా తగ్గించుకోండి గానీ సెన్సార్ల దగ్గర తగ్గించకండి, ఎందుకంటే ఎత్తు నిలకడగా లేకపోతే అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) నిలకడగా ఉండదు, ఇంత ఖర్చుపెట్టి టైర్లు అరగదీసుకోవడం బాధాకరం. బరువు ఎంతున్నా ఎత్తు మారకుండా చూసుకోవడం అనే ఆలోచన కొత్తదేం కాదు, 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ నూనె, గ్యాసు కలిపిన సస్పెన్షన్‌తో ఆ పని చేసింది, డ్రైవరు లివర్‌తో ఎత్తు మార్చుకునే వీలు కూడా దాంట్లో ఉండేది.

నిర్వహణ మాత్రం మీ మీద పడుతుంది. ట్యాంకులో నీళ్లు చేరతాయి, అప్పుడప్పుడూ వదలాలి, లేకపోతే చలిప్రదేశాల్లో వాల్వులు గడ్డకడతాయి. పైపు కీళ్ల దగ్గర సన్నగా లీకైతే పొద్దున్నకల్లా ఒక మూల కుంగి ఉంటుంది, సబ్బునీళ్లు చల్లి బుడగలు ఎక్కడ వస్తున్నాయో వెతకాలి. లీకు ఉన్నా పట్టించుకోకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరిగి కాలిపోతుంది. తిత్తి ఎక్కడా చక్రానికో ఆర్మ్‌కో రాసుకోకూడదు, మొదటి వారంలోనే పడుకుని టార్చి వేసి చూడండి. నేలకి ఆనించిన ఎత్తు నిలబెట్టడానికి మాత్రమే, నడపడానికి కాదు. షాకు మధ్యలో ఉండే ఎత్తుని నడిపే ఎత్తుగా పెట్టుకుని, అలైన్‌మెంట్ ఆ ఎత్తులోనే చేయించాలి.

సమస్య ముందు బంపర్ ర్యాంపుకి గీసుకోవడం ఒక్కటే అయితే మొత్తం ఎయిర్‌కి వెళ్లక్కర్లేదు. కాయిలోవర్ స్ప్రింగుకీ కాలర్‌కీ మధ్య హైడ్రాలిక్ లేదా గాలి కప్పు పెట్టే లిఫ్ట్ కిట్లు ఉన్నాయి, బటన్‌తో ముందుభాగాన్ని సుమారు 40-50 మి.మీ. లేపుతాయి. తక్కువ వేగంలో మాత్రమే వాడాలి, లేచినప్పుడు కిందివైపు ట్రావెల్ దాదాపు ఉండదు. మంచి కాయిలోవర్ ఇప్పటికే ఉన్నవాళ్లకి నేను ఎయిర్ కంటే దీన్నే సూచిస్తాను.

పైకి లేపాలనుకునేవాళ్లకి

స్ప్రింగు కింద వేసే స్పేసర్, స్ట్రట్ పైన వేసే స్పేసర్ రెండూ లేపుతాయి గానీ ఒకటి కాదు. స్ప్రింగు స్పేసర్‌తో చక్రం పూర్తిగా వేలాడే స్థానం మారదు, కిందివైపు ట్రావెల్ తగ్గుతుంది. స్ట్రట్ పైన వేసేదానితో షాకు కదలిక అలాగే ఉంటుంది కానీ చక్రం మునుపటికంటే కిందికి వేలాడుతుంది, డ్రైవ్ షాఫ్ట్ జాయింటూ బాల్ జాయింటూ ఆ కోణాన్ని భరించాలి. 25-30 మి.మీ. దాటి లేపేముందు చక్రం గాల్లో వేలాడదీసి ఆ జాయింట్లు ఎంత వంగాయో, బ్రేకు పైపు సాగి బిగుసుకుందేమో చూడటం తప్పనిసరి. ఎక్కువ లేపాలంటే పొడుగు స్ప్రింగులూ వాటికి తగ్గ షాకులే దారి. టార్షన్ బార్ (స్ప్రింగు బదులు మెలితిరిగే కడ్డీ) ఉన్న బండ్లలో బోల్టు బిగిస్తే లేస్తుంది, బార్ మాత్రం గట్టిపడదు. కమాన్ పట్టీల బండ్లలో వెనక బ్లాకులు వేస్తారు, ముందు ఇరుసుకి బ్లాకులు ఎప్పుడూ వేయకూడదు.

ఎంత దించితే చాలు?

బండి పక్కన నేల మీద పడుకుని ముందు చక్రం లోయర్ ఆర్మ్ చూడండి. లోపలి రబ్బరు బుష్ (కీలు) నుంచి బయటి బాల్ జాయింట్ దాకా ఒక గీత ఊహించుకోండి. బయటి చివర కాస్త కిందికి ఉన్నా, నేలకి సమాంతరంగా ఉన్నా పర్వాలేదు. బయటి చివర పైకి పోయిందంటే దించడం ఎక్కువైంది. స్ట్రట్ ఉన్న బండ్లలో ఆ దశ దాటాక రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ వాలుతుందో అది) బండి బరువు కేంద్రం కంటే వేగంగా కిందికి జారిపోతుంది, మలుపులో బండి తగ్గాల్సింది పోయి ఎక్కువ వాలుతుంది. చక్రం పైకి కదిలినప్పుడు కాంబర్ (చక్రం పైభాగం లోపలికి వాలడం) పెరగడం మానేసి తగ్గడం మొదలవుతుంది. స్టీరింగు టై రాడ్ కోణం కూడా చెడితే గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తానే తిరుగుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికి ఇంకా గట్టి స్ప్రింగులు వేస్తారు, అక్కడినుంచి సుఖం అనేది ఉండదు. ఇంకా కిందికే కావాలంటే బాల్ జాయింట్ ఎత్తుని సరిదిద్దే భాగాలు కొన్ని బండ్లకి దొరుకుతాయి, వాటికీ లెక్క వేసుకోండి.

ఖర్చు లేకుండా చేసుకోగల మంచి పరీక్ష ఒకటుంది. షాకు రాడ్డు మీద ఉన్న రబ్బరు తొడుగు పైకి జరిపి, రాడ్డుకి సన్నటి కేబుల్ టై బిగించి షాకు ఒంటికి ఆనేదాకా కిందికి నెట్టండి. మీరు రోజూ వెళ్లే దారిలో, మామూలుగా ఎక్కే మనుషులతో ఒకసారి తిరిగి రండి. షాకు నొక్కుకున్నప్పుడల్లా టై పైకి జరిగి అక్కడే ఉండిపోతుంది. అది బంప్ స్టాప్‌కి అతుక్కుని కనిపిస్తే ట్రావెల్ మొత్తం వాడేస్తున్నారని అర్థం: ఎత్తు పెంచండి, లేదా స్ప్రింగు మార్చండి. 20-25 మి.మీ. మిగిలి ఉంటే కళ్లు మూసుకుని అలాగే నడపవచ్చు. తలకిందులుగా బిగించే మోనోట్యూబ్ స్ట్రట్లలో మాత్రం ఈ పద్ధతి కుదరదు, రాడ్డు లోపల దాగి ఉంటుంది.

సెట్ చేసే తీరు

మీరు కొన్నది తిప్పే రకమే అయితే కొలత దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలి. నేల నుంచి ఫెండర్ దాకా కొలవకండి, టైరు గాలి తగ్గినా కొలత మారుతుంది. చక్రం సరిగ్గా మధ్య నుంచి నిటారుగా ఫెండర్ అంచు దాకా కొలవండి. చదునైన నేల, స్టీరింగు తిన్నగా, డిక్కీ ఖాళీగా, పెట్రోలు సగం. విప్పకముందే నాలుగు మూలలూ రాసిపెట్టుకోండి, ఆ కాగితం లేకుండా తర్వాత ఎంత దిగిందో చెప్పడం ఊహాగానమే.

ఇరుసు రెండు వైపులా ఒకేసారి లేపి స్టాండ్ల మీద పెట్టండి. ఒక్క చక్రమే లేపితే యాంటీ రోల్ బార్ (రెండు వైపుల చక్రాలనీ కలిపే కడ్డీ) మెలితిరిగి అటువైపు నుంచి లాగుతుంది. మరల మీద మట్టి ఉండగా కాలర్ తిప్పితే ఇసుక మరల్లోకి పోయి కాలర్ పట్టేస్తుంది, అల్యూమినియం కాలర్ అయితే మరలే ఊడిపోతాయి. నైలాన్ బ్రష్‌తో, నీళ్లతో శుభ్రం చేసి, ఆరాక కాస్త స్ప్రే కొట్టి, లాక్ కాలర్ వదులు చేసి, అప్పుడు సి-స్పానర్ పట్టండి. స్ప్రింగు మీద బండి బరువు ఉండగా ఎప్పుడూ తిప్పకండి. మార్కర్‌తో కాలర్ మీద ఒక గీత పెట్టి చుట్లు లెక్కపెట్టండి. చాలా కిట్లలో ఒక చుట్టుకి 1.5 నుంచి 2 మి.మీ. మారుతుంది, మీదెంతో ఒకసారి స్కేలుతో కొలుచుకుంటే చాలు. స్ట్రట్ పైన మధ్యలో ఉండే పెద్ద నట్టుని మాత్రం స్ప్రింగు నొక్కుకుని ఉన్నప్పుడు వదులు చేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది.

దించాక వెంటనే టేపు పట్టుకోకండి. గాల్లో వేలాడినప్పుడు చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి, నేల మీద పెట్టగానే టైరు పట్టుకి బండి కాస్త ఎత్తుగా నిలబడిపోతుంది. ముందుకీ వెనక్కీ కొన్ని మీటర్లు నెట్టి, నాలుగు మూలలా నొక్కి వదిలి, అప్పుడు కొలవండి. ఎడమ కుడి తేడా 5 మి.మీ. లోపు ఉంటే దాని వెంట పడకండి. ఫెండర్లు కూడా అంత కచ్చితంగా బిగించి ఉండవు.

ఇక్కడే ఇంకో సంగతి. నాలుగు కాళ్ల బల్లకి ఒక కాలి కింద అట్టముక్క పెడితే బరువు ఆ కాలి మీదికీ, దానికి ఎదురు మూల కాలి మీదికీ పోతుంది. బండీ అంతే. ఫెండర్ ఎత్తులన్నీ సమానం చేయాలని ఒక్క మూల కాలర్ తిప్పుతూ పోతే ఎత్తులు కుదురుతాయి, బరువులు చెడతాయి, బ్రేకు వేస్తే ఒక ముందు చక్రం ముందే జారుతుంది. ట్రాక్ మీదికి వెళ్లేవాళ్లు డ్రైవరు సీట్లో బరువు పెట్టి, యాంటీ రోల్ బార్ లింకులు విప్పి, నాలుగు త్రాసుల మీద ఎదురు మూలల బరువుల జత మొత్తంలో 50 శాతం దగ్గరికి తెచ్చుకుంటారు. రోడ్డు బండికి ఒకే ఇరుసు మీద రెండు వైపులా అన్నే చుట్లు తిప్పితే చాలు.

ఎత్తు ఎంత మార్చినా మర్చిపోయేది బుషులు. ఆర్మ్ రబ్బరు బుషులు పాత ఎత్తులో బిగించి ఉంటాయి, కొత్త ఎత్తులో అవి ఎప్పుడూ మెలితిరిగే ఉంటాయి, త్వరగా చిరుగుతాయి, పైగా స్ప్రింగులా పనిచేసి ఎత్తుని కూడా తప్పుగా చూపిస్తాయి. ఆ బోల్టులు వదులు చేసి, చక్రాల మీద బరువు ఉండగా, కొత్త ఎత్తులో మళ్లీ బిగించాలి. తర్వాతే అలైన్‌మెంట్. కాంబర్ కాస్త ఎక్కువైనా టైరు అంతగా చెడదు, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పితే మాత్రం కొద్ది రోజుల్లోనే లోపలి అంచు రంపంలా తయారవుతుంది, చేత్తో రాస్తే తెలిసిపోతుంది. 10 మి.మీ. మారినా చూపించాల్సిందే. హెడ్‌లైట్ల గురి కూడా మారుతుంది. ఆర్మ్‌కి ఎత్తు సెన్సార్ ఉన్న బండ్లలో, ముందు కెమెరా లేదా రాడార్ ఉన్న బండ్లలో వాటిని మళ్లీ సరిచేయించాలి. మీ ప్రాంతంలో సస్పెన్షన్ మార్పుకి అనుమతి, ఇన్సూరెన్స్ కంపెనీకి సమాచారం అవసరమేమో కొనకముందే కనుక్కోండి, కొన్నాక కాదు.

మరి ఎవరు ఏది?

ఒకసారి దించి, కుటుంబంతో తిరిగి, మర్చిపోదామనుకుంటే షాకులతో జతగా వచ్చే స్ప్రింగు కిట్, 25-30 మి.మీ. లోపు. వెడల్పు చక్రాలు వేసి ఫెండర్ సందుని కచ్చితంగా కుదుర్చుకోవాలనుకునేవాళ్లకి కాలర్ తిప్పే కాయిలోవర్, మంచి కంపెనీది, హెల్పర్ స్ప్రింగు ఉన్నది. ట్రాక్‌కి వెళ్తూ ఎత్తులూ బరువులూ మారుస్తూ ఉండేవాళ్లకి పొడవు మారే కాయిలోవర్. ర్యాంపు బాధ ఒక్కటే ఉన్నవాళ్లకి కప్ లిఫ్టు. రోజూ రెండు ఎత్తులు, లేదా రోజుకో బరువు అయితే సెన్సార్లున్న ఎయిర్. డబ్బు సరిపోక చవక కాయిలోవర్‌కీ మంచి స్ప్రింగు-షాకు కిట్‌కీ మధ్య ఊగుతుంటే రెండోదే తీసుకోండి, షాకు బాగుంటే బండి బాగుంటుంది.

వాడిన కాయిలోవర్లు కొనేవాళ్లు మూడు చూడండి. కాలర్ చేత్తోనో స్పానర్‌తోనో మరల చివరిదాకా తిరుగుతోందా? రాడ్డు మీద గీతలు, ఒంటి మీద నూనె జిడ్డు ఉన్నాయా? రాడ్డుని చేత్తో కిందికి నొక్కి వదిలితే రెండు వైపులవీ ఒకే వేగంతో పైకి వస్తున్నాయా? ఇందులో ఏది తేడాగా ఉన్నా, రీబిల్డ్ చేయడానికి ఆ కంపెనీ విడిభాగాలు ఇస్తుందో లేదో తెలుసుకున్నాకే బేరం మాట్లాడండి. కొత్తవైనా వాడినవైనా బిగించాక కొన్ని వందల కిలోమీటర్లకి స్ప్రింగులు కొంచెం కుదురుకుంటాయి. అప్పుడు పాత కాగితం తీసి మళ్లీ నాలుగు మూలలూ కొలిచి, లాక్ కాలర్లు బిగుతు చూసి, తేడా ఉంటే అప్పుడే సరిచేసి, ఆ తర్వాతే చివరి అలైన్‌మెంట్‌కి డబ్బు కట్టండి.